క్యాన్సర్ ఇంజెక్షన్ వేస్తే థైరాయిడ్ ఎందుకు దెబ్బతింది?

ప్రశ్న: మా మావయ్యకి ఊపిరితిత్తుల క్యాన్సర్. విశాఖ తీసుకెళ్లి పీడీ-1ని అడ్డుకునే ఇంజెక్షన్ వేయిస్తున్నాం. గడ్డ తగ్గుతోంది గానీ థైరాయిడ్ పనిచేయడం మానేసిందట, మందు వల్లేనట. రెండిటికీ ఏంటండీ సంబంధం? ఇమ్యూనిటీ పెరిగితే మంచిదే కదా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఎంత పెరిగితే అంత మంచిదన్నది పొడులు అమ్ముకునేవాళ్ల మాట. టి కణాలంటే రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకం. మన సొంత కణాల మీదికే వెళ్లేవి వాటిలో కొన్ని అందరి ఒంట్లోనూ ఉంటాయి. టి కణాలు తయారయ్యే థైమస్ గ్రంథిలో చాలావరకు ఏరివేత జరిగినా కొన్ని తప్పించుకుని వచ్చేస్తాయి.

అయినా మనం బాగానే ఉన్నామంటే, టి కణం ఒక్క సంకేతానికి కదలదు కాబట్టి. ఎదుటి కణం చూపించే ప్రోటీన్ ముక్కని గుర్తుపట్టాలి, పైగా తన మీదున్న సీడీ28 అనే గ్రాహకానికి అవతలి నుంచి బి7 అనే అణువు తగలాలి. అప్పుడే రంగంలోకి దిగుతుంది. దిగాక సీటీఎల్ఏ-4 అనే ఇంకో గ్రాహకాన్ని తనే పైకి తెచ్చుకుంటుంది, అది ఆ బి7నే ఇంకా గట్టిగా పట్టుకుని సీడీ28కి దక్కనివ్వదు. టి కణానికి ఇది మొదటి పగ్గం. ఈ సీటీఎల్ఏ-4 జన్యువు తీసేసిన ఎలుకలు మూడు నాలుగు వారాలకే చచ్చిపోయాయని 1995లో తేలింది; గుండె, క్లోమం నిండా టి కణాలే!

పీడీ-1 రెండో పగ్గం. 1992లో జపాన్‌లోని క్యోటోలో హోంజో అనే శాస్త్రవేత్త బృందం కనిపెట్టింది. అవయవాల్లోని కణాలు పీడీ-ఎల్1 చూపించి, మీదికొచ్చిన టి కణాన్ని దీని ద్వారానే చల్లబరుస్తాయి. పీడీ-1 లేని ఎలుకలకి వెంటనే ఏమీ కాలేదు, వయసు మీద పడ్డాక కీళ్లవాపు, కిడ్నీ జబ్బు వచ్చాయి. క్యాన్సర్ కణాలు కూడా గడుసుగా ఇదే పీడీ-ఎల్1 తొడుక్కుని తప్పించుకుంటాయి. మీ మావయ్య ఇంజెక్షన్ ఆ పట్టు విడిపిస్తుంది (ఈ దారి చూపినందుకే హోంజోకి, అమెరికాలో ఆలిసన్‌కి 2018 నోబెల్), కాకపోతే గడ్డ దగ్గరే విడిపించి థైరాయిడ్ దగ్గర వదిలేయమంటే దానికి తెలియదు.

థైరాయిడ్‌కి టెన్షన్ పడకండి, రోజూ మాత్ర వేసుకుంటే సరిపోతుంది, మామూలుగా ఇంజెక్షన్ ఆపక్కర్లేదు. భయపడాల్సింది ఆగని విరేచనాలకి, కొత్తగా వచ్చే ఆయాసానికి, గుండెదడకి. పేగులకో ఊపిరితిత్తులకో వాపు వస్తే చాలాసార్లు స్టెరాయిడ్లు అవసరమవుతాయి. పర్లాకిమిడిలోనో పాతపట్నంలోనో డాక్టరు దగ్గరికి వెళ్తే ముందు ఇంజెక్షన్ కాగితం చూపించండి, లేకపోతే మామూలు విరేచనాలనుకుని మందిచ్చి పంపేస్తారు. విశాఖ డాక్టరుకి కూడా అదే రోజు ఫోన్ చేయండి. ఇమ్యూనిటీ పొడులు మాత్రం ఆయన్ని అడక్కుండా పెట్టొద్దు.