హొమై వ్యారావాలా ఫోటోల్లో అంత గొప్పేముంది?

"దేశంలో తొలి మహిళా ఫోటో జర్నలిస్టు అన్న మాట పక్కన పెడితే, ఆవిడ ఫోటోల్లో ప్రత్యేకత ఏంటి?" అని అడిగారు. నాకూ చాలాకాలం అదే అనుమానం. నెహ్రూ ఎదురుగా నిలబడి ఎవరు నొక్కినా చరిత్రే అవుతుంది కదా అనుకునేవాణ్ణి. మా బాబాయి దగ్గరున్న పాత యాషికా కెమెరా పట్టుకుని నేనే ఓ పెళ్లికి వెళ్లొచ్చాక ఆ మాట మళ్లీ అనలేదు.

ఆ కెమెరాకి రెండు లెన్సులు, ఒకదాని మీద ఒకటి. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న గాజు పలకలోకి చూడాలి. అందులో బొమ్మ కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తుంది. పెళ్లికూతురు కుడికి జరిగితే గాజులో ఎడమకి జరిగింది, నేనూ ఎడమకే తిప్పాను. ఫోకస్ సరిచేసుకునేలోపు తలంబ్రాలు అయిపోయాయి. రీలుకి 12 ఫోటోలే. కడిగించి చూస్తే పనికొచ్చినవి మూడు, అందులో ఒకటి పురోహితుడి భుజం.

హొమై వాడిన రోలీఫ్లెక్స్ ఇదే రకం. స్పీడ్ గ్రాఫిక్ అనే కెమెరా కూడా వాడారు, అది ఇంకా బరువు. ఫ్లాష్ వెలిగిన ప్రతిసారీ బల్బు మార్చాలి. చీర కట్టుకుని, ఆ సరంజామా అంతా మోసుకుంటూ ఢిల్లీలో సైకిల్ మీద తిరిగేవారు. రెండోది తీసే అవకాశం ఉండదు కాబట్టి, నొక్కేముందు ఆగి చూడటం తప్ప దారి లేదు. నా దృష్టిలో ఆవిడ గొప్పతనమంతా ఆ ఆగడంలోనే ఉంది.

1913లో గుజరాత్‌లోని నవసారిలో, పార్సీ కుటుంబంలో పుట్టారు. తండ్రి నాటకాల్లో నటుడు. బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. కెమెరా నేర్పింది మాణెక్‌షా వ్యారావాలా, తర్వాత ఆయన్నే పెళ్లి చేసుకున్నారు. మొదట్లో ఈవిడ తీసిన ఫోటోలు ఆయన పేరుతో అచ్చయ్యేవి! 1942లో బ్రిటిష్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్ ఉద్యోగం కోసం ఢిల్లీ వచ్చారు. కారు నంబరు డీఎల్‌డీ 13 కావడంతో 'డాల్డా 13' అన్న కలం పేరు పెట్టుకున్నారు.

1947 ఆగస్టు 16న ఎర్రకోట మీద జెండా ఎగరడం, మౌంట్‌బాటెన్ వెళ్లిపోవడం, గాంధీ అంత్యక్రియలు, అన్నీ తీశారు. గాంధీని కాల్చిన రోజు ప్రార్థన సభకి బయల్దేరితే, రేపు ఇద్దరం కలిసి వెళ్దామని భర్త ఆపారట. ఆ బాధ ఆవిణ్ణి చివరిదాకా వదల్లేదు.

అందరూ చెప్పేది విమానంలో నెహ్రూ ఓ బ్రిటిష్ అధికారి భార్యకి సిగరెట్ వెలిగిస్తున్న ఫోటో గురించి. నాకు మాత్రం పాలం విమానాశ్రయం ఫోటో ఇష్టం. చెల్లెలు విజయలక్ష్మీ పండిట్ రాక కోసం నెహ్రూ ఎదురుచూస్తున్నారు. పక్కనే బోర్డు: ఫోటోలు తీయడం నిషేధం. ఈవిడ ఆ బోర్డుతో సహా తీసేశారు. పక్కకి జరిగి బోర్డు రాకుండా తీయడం ఎంతసేపు? నేనైతే కచ్చితంగా అదే చేసేవాణ్ణి.

1969లో భర్త పోయారు, ఆ మరుసటి ఏడాదే కెమెరా పక్కన పెట్టేశారు. కొత్తగా వచ్చిన ఫోటోగ్రాఫర్ల తీరు నచ్చక మానేశానని ఆవిడే చెప్పేవారు. తర్వాత వడోదరలో ఒంటరిగా ఉన్నారు. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు, 2012 జనవరిలో పోయారు.

ఆవిడ ఫోటోల సేకరణ ఢిల్లీలోని అల్కాజీ ఫౌండేషన్ దగ్గర ఉంది. చూడాలనుకుంటే ముందు ఆ బోర్డు ఫోటో వెతకండి.