నొప్పి తగ్గించే పెప్టైడ్ యాంటీఆక్సిడెంట్ ఎలా అయింది?

ప్రశ్న: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నానండి. ఓపియాయిడ్ పెప్టైడ్స్ అంటే మార్ఫిన్ లాగా నొప్పి తగ్గించే చిన్న అమైనో ఆమ్లాల గొలుసులు కదా, వాటిని కొంచెం మారిస్తే యాంటీఆక్సిడెంట్లుగా పనిచేస్తాయని క్లాసులో చెప్పారు. నొప్పికీ దీనికీ సంబంధం ఏంటి?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: కిటుకంతా టైరోసిన్ అనే అమైనో ఆమ్లంలో ఉందమ్మా. 1975లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్‌లిట్జ్ అనే శాస్త్రవేత్తలు పంది మెదడు నుంచి ఎన్‌కెఫాలిన్లు, అంటే ఒంట్లోనే తయారయ్యే ఓపియాయిడ్ పెప్టైడ్స్, పట్టుకున్నారు, ఐదే అమైనో ఆమ్లాలు, అందులో మొదటిది టైరోసిన్. అది మొదట్లో ఉంటేనే ఓపియాయిడ్ రిసెప్టర్ (కణం మీద వీటిని అందుకునే ప్రొటీన్) గుర్తుపడుతుంది. అదే టైరోసిన్‌కి ఫినాల్ ఓహెచ్ (బెంజీన్ రింగ్‌కి తగిలిన ఓహెచ్) కూడా ఉంది కదా, ఫ్రీ రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్‌తో కణాల్ని దెబ్బతీసే అణువు) ఎదురైతే దానికి తన హైడ్రోజన్ ఇచ్చేసి చల్లారుస్తుంది, యాంటీఆక్సిడెంట్‌గా విటమిన్ ఇ చేసేదీ ఇదే పని.

ఇక మార్పుల సంగతి. రింగ్ మీద రెండు మిథైల్ గ్రూపులు తగిలిస్తే వచ్చే డైమిథైల్ టైరోసిన్ రాడికల్స్‌ని మామూలు టైరోసిన్ కంటే బాగా పడుతుంది. హేజెల్ సెటో, పీటర్ షిల్లర్ అనే శాస్త్రవేత్తలు దీంతో నాలుగు అమైనో ఆమ్లాల పెప్టైడ్స్ చేశారు, నాకు భలే నచ్చేది ఇక్కడే. డైమిథైల్ టైరోసిన్ మొదటి స్థానంలో ఉన్న ఎస్ఎస్-02 (ఎస్ఎస్ అంటే వాళ్లిద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు) గట్టి ఓపియాయిడ్, యాంటీఆక్సిడెంట్ కూడా. రెండో స్థానానికి జరిపి చేసిన ఎస్ఎస్-31ని మాత్రం ఓపియాయిడ్ రిసెప్టర్ పట్టించుకోదు, కానీ ఫినాల్ ఎక్కడికీ పోలేదు కాబట్టి రాడికల్స్‌ని పట్టే గుణం అలాగే ఉంది! డైమిథైల్ టైరోసిన్ బదులు ఫినైల్ అలనిన్ పెట్టిన ఎస్ఎస్-20కి ఓహెచ్ లేదు, ఆ గుణమూ లేదు.

ఈ ఎస్ఎస్-31 పేరే ఎలామిప్రెటైడ్. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా లోపలి పొరలోని కార్డియోలిపిన్ అనే కొవ్వుని అతుక్కుంటుంది, ఆ కార్డియోలిపిన్ సరిగ్గా తయారవని బార్త్ సిండ్రోమ్ అనే అరుదైన జన్యు జబ్బుకి 2025 సెప్టెంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి యాక్సిలరేటెడ్ అప్రూవల్ (పూర్తి రుజువులు రాకముందే ఇచ్చే త్వరిత అనుమతి) ఇచ్చింది, అదీ 30 కిలోలు, ఆపైన బరువున్న పేషెంట్లకి. అయితే మేలంతా యాంటీఆక్సిడెంట్ వల్లే అని రాసేయకండి, జంతువుల మీద కొన్ని ప్రయోగాల్లో ఓహెచ్ లేని ఎస్ఎస్-20 కూడా గుండె కణాల్ని కాపాడింది, అంటే ఆ పొరని అతుక్కోవడానికీ ఇందులో పెద్ద వాటా ఉన్నట్టే.

మీ ల్యాబ్‌లో ఏబీటీఎస్ (రాడికల్‌గా మారితే నీలిపచ్చగా కనిపించే రసాయనం) ఉంటే దాని రాడికల్ ద్రావణాన్ని రెండు గొట్టాల్లో పోసి, ఒకదాంట్లో టైరోసిన్, ఇంకోదాంట్లో ఫినైల్ అలనిన్ వేసి చూడండి, నీలిపచ్చ రంగు మొదటిదాంట్లోనే పోతుంది.