పాఠకుల ప్రశ్నలు: పాత రీలు కెమెరాకు మంచి మెకానిక్ దొరికేదెలా?

ప్రశ్న: మా నాన్నగారు ముప్పై ఏళ్లకు పైగా ఫొటో స్టూడియో నడిపారు. ఆయన వాడిన యాషికా మ్యాట్ 124జీ కెమెరా తోలు కేసుతో సహా బీరువాలో ఉండిపోయింది. ఈ మధ్య తీసి చూస్తే, సెకను, అర సెకను స్పీడుల దగ్గర షట్టర్ తెరుచుకుని అలాగే నిలిచిపోతోంది. కింది లెన్సులో సాలెగూడు దారాల వంటి మచ్చలున్నాయి. మీటరు ముల్లు కదలడం లేదు. ఊళ్లో ఒక దుకాణంలో విడిభాగాలు దొరకవన్నారు. మరొకచోట ‘వదిలి వెళ్లండి, పెట్రోలుతో కడిగేస్తే సరిపోతుంది’ అన్నారు. నాకు ధైర్యం చాలక వెనక్కి తెచ్చుకున్నాను. నమ్మదగిన మెకానిక్‌ను ఎలా వెతుక్కోవాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: వెనక్కి తెచ్చుకుని చాలా మంచి పని చేశారు. మీరు చెప్పిన మూడు లోపాలకూ బరువు ఒకటే కాదు గనుక, మెకానిక్‌ను వెతకడానికి ముందు ఏది ఎంతటిదో మీకు తెలిసి ఉండడం అవసరం.

మీది జంట లెన్సుల కెమెరా: పై లెన్సుతో చూస్తాం, కింది లెన్సుతో ఫొటో తీస్తాం. 1970లో మొదలై 1980ల మధ్య దాకా తయారైన ఈ నమూనాలో షట్టర్, అంటే వెలుగును ఫిల్ము మీదికి వదిలి మూసే భాగం, పూర్తిగా యాంత్రికమైనది. బ్యాటరీ ఉన్నా లేకపోయినా సెకను నుంచి సెకనులో 500వ వంతు వరకు అన్ని స్పీడులూ పనిచేయవలసిందే. కాబట్టి వెలుతురును కొలిచే మీటరు సంగతిని ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. అది 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసం తయారైనది. పర్యావరణ చట్టాల కారణంగా ఆ బ్యాటరీలు మార్కెట్టు నుంచి తప్పుకున్నాయి. ఒకవేళ మీటరు బాగుపడకపోయినా, విడిగా ఒక లైట్ మీటరుతోనో, ఫోనులోని మీటరు యాప్‌తోనో వెలుతురు చూసుకుని నిశ్చింతగా ఫొటోలు తీసుకోవచ్చు.

అసలు పని షట్టర్‌లో ఉంది. ఈ కెమెరాలోని కోపాల్ షట్టర్‌కు లెన్సు మధ్యలో పల్చటి లోహపు రేకులుంటాయి. నెమ్మది స్పీడులలో ఆ రేకులు ఎంతసేపు తెరిచి ఉండాలన్నది చిన్న చిన్న పళ్లచక్రాల వరుస ఒకటి నిర్ణయిస్తుంది. ఏళ్ల తరబడి కదలిక లేకపోతే ఆ చక్రాల ఇరుసుల్లోని నూనె జిగురుగా మారి వాటిని పట్టేస్తుంది. 250, 500 స్పీడులలో ఆ చక్రాలకు పెద్దగా పని ఉండదు కాబట్టి అవి బాగానే ఉన్నట్టు కనిపించి, సెకను దగ్గరికి వచ్చేసరికి షట్టర్ నిలిచిపోతుంది. విడిభాగాలేవీ లేకుండానే, విప్పి శుభ్రం చేస్తే చాలావరకు బాగుపడే లోపమిది. అయితే పెట్రోలు పోసి కడిగినప్పుడు కరిగిన పాత నూనె రేకుల మీదికి పాకుతుంది. రేకులు పూర్తిగా పొడిగా ఉండవలసినవి. ద్రావకం ఆరిపోయాక ఆ నూనె పొర వాటిని ఒకదానికొకటి అతికిస్తుంది. అందుకే అలా కడిగిన కెమెరా కొన్నాళ్లు చక్కగా పనిచేసి మళ్లీ మొదటికి వస్తుంది. పని తెలిసిన మెకానిక్ ఆ చక్రాల భాగాన్ని విడిగా తీసి కడిగి, ఇరుసుల కొసలకు మాత్రం సూదిమొనతో నూనె అద్ది, రేకులను పొడిగా ఉంచుతాడు.

లెన్సులోని దారాలు ఫంగస్. గోదావరి తీరపు తేమకు తోలు కేసు తోడైతే అది పెరగడానికి కావలసినవన్నీ అమరినట్టే. ఈరోజే కెమెరాను ఆ కేసులోంచి తీసి, సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టండి. కేసును జ్ఞాపకంగా వేరేచోట దాచుకోండి. ఫంగస్ పైపైన ఉంటే తుడిచినప్పుడు పోతుంది. లెన్సు పూతను తినేసి ఉంటే గుర్తులు మిగులుతాయి గానీ, వెలుగుకు ఎదురుగా తీసినప్పుడు తప్ప అవి ఫొటోలో పెద్దగా తెలియవు. మచ్చలు అద్దంలా పోగొడతానని ముందే హామీ ఇచ్చేవారి కంటే, విప్పి చూశాక చెబుతానన్నవారినే నేను నమ్ముతాను.

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. ఫిల్మ్ లేకుండా వెనుక తలుపు తెరిచి, కెమెరాను కిటికీ వెలుగు వైపు పెట్టి, వెనుక నుంచి ఫోనుతో స్లోమోషన్ వీడియో తీయండి. ఫోను సెకనుకు 240 ఫ్రేములు తీసేదైతే, 30వ వంతు స్పీడులో వెలుగు సుమారు 8 ఫ్రేములలోను, 15వ వంతులో 16 ఫ్రేములలోను కనిపించాలి. ఏ స్పీడుకు ఎన్ని వచ్చాయో కాగితం మీద రాసుకోండి. 250, 500 స్పీడులను ఈ పద్ధతిలో కొలవలేము. వాటికి మెకానిక్ దగ్గర షట్టర్ టెస్టర్ ఉండాలి. పరీక్షించేటప్పుడు సెల్ఫ్ టైమర్ మీటను తాకవద్దు. జిగురు పట్టిన షట్టర్‌లో అది మధ్యలో ఇరుక్కుంటే కొత్త చిక్కు వచ్చిపడుతుంది. పక్కనున్న చేతిపిడి బిగుసుకుంటే బలవంతంగా తిప్పవద్దు. ఫిల్మును జరిపేదీ, షట్టర్‌ను బిగించేదీ ఆ ఒక్క పిడే కాబట్టి అక్కడ విరిగితే మాత్రం నిజంగానే విడిభాగాల కోసం వెతుక్కోవలసి వస్తుంది.

ఇక ఎక్కడ వెతకాలన్నది. మీ నాన్నగారి తరం స్టూడియో యజమానులతోనే మొదలుపెట్టండి. ‘మీ కెమెరాలు ఎవరు బాగుచేసేవారు?’ అని అడిగితే, బోర్డు లేని ఇంటి గదిలో ఇప్పటికీ పనిచేస్తున్న ఒక పెద్దాయన పేరు బయటపడే అవకాశం ఉంది. జిల్లా ఫొటోగ్రాఫర్ల సంఘాల్లోను, పదవీ విరమణ చేసిన పత్రికా ఫొటోగ్రాఫర్ల దగ్గర కూడా ఈ సమాచారం ఉంటుంది. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీ బోధించేవారిని అడగడం కూడా మంచిదే. దగ్గరలో ఎవరూ లేకపోతే ముంబయి ఫోర్ట్ ప్రాంతంలోని బోరా బజారు, కోల్‌కతాలో మెట్రో సినిమా పక్కనున్న మెట్రో గలీ, ఢిల్లీ చాందినీ చౌక్‌లోని కెమెరా మార్కెట్టు ఉన్నాయి. ఆ వీధుల్లో అమ్మకం దుకాణాలే ఎక్కువ కాబట్టి, కెమెరా తీసుకుని వెళ్లి మొదటి గుమ్మంలోనే అప్పగించకుండా, పని స్వయంగా చేసే మనిషి ఎవరో కనుక్కుని ఆయనతోనే మాట్లాడండి.

మెకానిక్ నైపుణ్యాన్ని మనవంటివారు అంచనా వేయగలిగేది ఆ మాటల్లోనే. ‘ఈ నమూనా ఇంతకుముందు విప్పారా?’ అని సూటిగా అడగండి. జంట లెన్సుల కెమెరా పనికీ, ఒకే లెన్సుతో చూసి ఫొటో తీసే, కర్టెన్ షట్టర్ ఉండే ఎస్ఎల్ఆర్ పనికీ చాలా తేడా ఉంది. ఒకదానిలో ఆరితేరినవారికి రెండోది చేతకాకపోవచ్చు, ఆ మాట ఒప్పుకుని మరొకరి పేరు చెప్పే మెకానిక్ గౌరవించదగినవాడు. నమూనాను బట్టి మెలకువలు మారిపోతాయి: జోర్కీ, ఫెడ్ వంటి సోవియట్ కెమెరాలలో షట్టర్ బిగించిన తర్వాతే స్పీడు మార్చాలి, ముందే మారిస్తే లోపలి భాగాలు దెబ్బతినవచ్చు. ఆయన బల్ల మీద బాగుచేసి ఉంచిన కెమెరా ఉంటే చూపించమనండి. స్క్రూల గాడులు చెక్కుకుపోయి ఉన్నా, ఒంటి మీది తోలు అంచులు లేచి జిగురు మరకలు కనిపిస్తున్నా అక్కడ పెట్టకండి. మరమ్మతుకు ముందు, తర్వాత షట్టర్ స్పీడుల కొలతలు రాసిస్తారా, మార్చిన భాగాలు తిరిగి ఇస్తారా, మళ్లీ నిలిచిపోతే ఎన్ని నెలల వరకు చూస్తారు అని అడిగి, రసీదు మీద కెమెరా సీరియల్ నంబరు రాయించుకోండి. ఈ ప్రశ్నలకు విసుక్కునే వారి చేతిలో మీ నాన్నగారి కెమెరా పెట్టవలసిన అవసరం మీకు లేదు.

చేతికి వచ్చాక ఫోకస్ తప్పకుండా చూసుకోండి. షట్టర్‌ను శుభ్రం చేయడానికి కింది లెన్సు ముందుభాగం విప్పుతారు. దాన్ని సరిగ్గా కూర్చకపోతే పై లెన్సుతో చూసే అద్దంలో స్పష్టంగా కనిపించినది ఫిల్ము మీద మసకగా పడుతుంది. వెనుక తలుపు తెరిచి, ఫిల్ము పరుచుకునే పట్టాల మీద ట్రేసింగ్ కాగితాన్ని బిగుతుగా అతికించి, షట్టర్‌ను ‘బి’ (మీట నొక్కి ఉంచినంతసేపూ తెరిచి ఉండే స్థానం) మీద తెరిచిపెట్టి, దూరంగా ఉన్న గుడి గోపురాన్నో సెల్ టవర్‌నో చూడండి. పై అద్దంలో స్పష్టంగా ఉన్నప్పుడు కాగితం మీద కూడా స్పష్టంగా ఉండాలి. ఆ తర్వాత 120 రీలు ఒకటి వేసి, 12 ఫొటోలనూ వేర్వేరు స్పీడులలో తీసి, వివరాలు రాసుకుని కడిగించండి. ఏదైనా తేడా ఉంటే ఆ నెగటివ్‌లనే మెకానిక్‌కు చూపించవచ్చు.

ప్రశ్న: నా యాషికా ఎలక్ట్రో 35 జీఎస్ఎన్‌లో సర్క్యూట్ పోయిందని, పారేయమని చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అంత తొందరగా ఆ నిర్ణయానికి రావద్దు. ఇది ఎలక్ట్రానిక్ షట్టర్. సరైన బ్యాటరీ లేకపోతే 500వ వంతు ఒక్కటే పనిచేస్తుంది కాబట్టి బ్యాటరీ లోపాన్ని సర్క్యూట్ లోపంగా పొరబడడం తేలిక. పాత 5.6 వోల్టుల బ్యాటరీ స్థానంలో ఇప్పుడు చిన్న అడాప్టరుతో 6 వోల్టులది వాడుకోవచ్చు. బ్యాటరీ గదిలోని రేకులకు పచ్చటి చిలుము పట్టిందేమో ముందు చూడండి. తర్వాత ఫిల్మును జరిపే మీట తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకుని వినండి: చివర్లో లోపల ‘టక్’మని ఒక బరువైన శబ్దం రావాలి. రాకపోతే లోపలుండే చిన్న రబ్బరు మెత్త అరిగి రాలిపోయినట్టు. ఈ కెమెరాలకు సర్వసాధారణమైన జబ్బు అదే. పై మూత విప్పి కొత్త మెత్త అతికించడం తెలిసినవారికి కష్టమేమీ కాదు. ‘ఆ రబ్బరు మెత్త చూశారా?’ అని అడగండి. ఎలక్ట్రో కెమెరాలు నిజంగా విప్పిన మెకానిక్‌కు మీరు దేని గురించి అడుగుతున్నారో వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న: నాకు ఇరవై రెండేళ్లు. ఈ మరమ్మతు పని నేర్చుకుంటే భవిష్యత్తు ఉంటుందా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: కెమెరాలు మిగిలాయి, బాగుచేసే చేతులు తగ్గిపోయాయి, కాబట్టి పనికి కొరత ఉండదని నా నమ్మకం. ఇది మన దగ్గరి పరిస్థితి మాత్రమే కాదు. పెంటాక్స్ కెమెరాలు చేసే రికో సంస్థ 2022 డిసెంబరులో కొత్త ఫిల్మ్ కెమెరా ప్రయత్నాన్ని ప్రకటించి, అనుభవజ్ఞులైన ఇంజినీర్ల పరిజ్ఞానాన్ని యువ ఇంజినీర్లకు అందించడం మీద దృష్టి పెట్టింది. 2024లో పెంటాక్స్ 17 అనే ఫిల్మ్ కెమెరా వచ్చింది.

పనికిరాని కెమెరాలతో మొదలుపెట్టండి; ఎవరి కుటుంబ జ్ఞాపకమూ మీ మొదటి పాఠం కాకూడదు. విప్పే ప్రతి దశలోనూ ఫొటో తీసి, స్క్రూలను వరుసగా వేర్వేరు గళ్లలో పెట్టుకోండి. జపాన్ కెమెరాల ప్లస్ స్క్రూలకు జపాన్ కొలతల స్క్రూడ్రైవరే కొనండి; మామూలు ప్లస్ స్క్రూడ్రైవరు వాటి గాడులను చెక్కేస్తుంది. ఫ్లాష్ ఉన్న చిన్న కెమెరాలను అనుభవం వచ్చేదాకా విప్పవద్దు. బ్యాటరీ తీసేసినా వాటి కెపాసిటరులో దాదాపు 300 వోల్టులు నిలిచి ఉండి గట్టి షాక్ కొడుతుంది. వీటన్నిటికంటే ముందు, మీ జిల్లాలో ఇంకా పనిచేస్తున్న పెద్ద మెకానిక్ ఎవరైనా ఉన్నారేమో వాకబు చేసి, జీతం సంగతి తర్వాత చూసుకోవచ్చునని, ఈ ఏడాదే ఆయన దగ్గర చేరండి.