జింకలకేమన్నా పెళ్ళా?

ఉద్యోగం మానేసి వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రఫీతో బతకొచ్చా అని అడిగారు. మానకండి. నేను కర్నూలులో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తాను. పదేళ్ళుగా తెల్లారకముందే లేచి జింకల వెంట, పిట్టల వెంట తిరుగుతున్నా. దూరంలో ఉన్నదాన్ని దగ్గరకు తెచ్చే నా 150-600 లెన్సు కొన్నది ముహూర్తాల డబ్బుతోనే, బండికి పెట్రోలు పోయించేదీ అవే. జింక ఇంతవరకు నాకు రూపాయి ఇచ్చింది లేదు. 'మీ పేరు వేస్తాం, ఫోటో ఇవ్వండి' అనేవాళ్ళు మాత్రం వారానికొకరు తగులుతారు. పేరు పెడితే పెట్రోలు పోస్తారా?

అందరూ చెప్పినట్టే నేనూ మొదట రోళ్ళపాడుకు పోయాను. బట్టమేక అనే అరుదైన పెద్ద పిట్ట కోసం 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. పోయిన ప్రతిసారీ ఆ పిట్ట కోసమే వెతికాను, ఒక్కసారీ కనపడలేదు. చలికాలం సాయంత్రాలు పిల్లిగద్దలు గడ్డిలోకి దిగడం చూసి తృప్తిపడి వచ్చేవాణ్ణి. పైగా ఆ అభయారణ్యం మొత్తం కలిపి ఆరు చదరపు కిలోమీటర్లే. కృష్ణజింకలకు ఆ హద్దులతో పనేముంది? ఆస్పరి, ఆలూరు వైపు పొలాల్లో మందలు మందలుగా తిరుగుతుంటాయి.

ఒక డిసెంబరులో అక్కడే, తెల్లవారుజామున పప్పుశనగ చేను గట్టున బోర్లా పడుకున్నా. నల్లరేగడి మంచుకు తడిసి మోచేతులకు అంటుకుంటోంది. మా వైపు చలికాలమైనా సరే, తొమ్మిది దాటితే నేల మీద గాలి నీళ్ళలా కదులుతుంది, దూరం నుంచి తీసిన ఫోటో చెదిరిపోతుంది. ఏం తీసినా ఆలోపే తీసుకోవాలి. చేను చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయి. వాటిలో ఎర్ర పూల చీర ఒకటి గాలికి ఊగుతోంది. నల్లటి పోతు ఒకటి ఒక్క క్షణం ఆగి, చెవులు తిప్పి, ఆ చీర మీదుగా ఎగిరింది. వెనకే ఆడవీ, పిల్లలూ. గుక్క తిప్పుకోకుండా నొక్కాను.

వెనక నుంచి గొంతు. "ఏం సార్, ఫారెస్టోళ్ళా? ఎన్నాళ్ళకొచ్చినారు సార్!"

తప్పు నాదే. మచ్చల చొక్కా, మచ్చల టోపీ తెప్పించుకుని వేసుకున్నా. వాటికి మోసపోయే జింకను నేనైతే చూడలేదు, ఆ డబ్బులు దండగ. నడిచే మనిషిని చూస్తే పారిపోతాయి, బండి మీద కూర్చుంటే పట్టించుకోవు.

"కాదన్నా, నేను పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తా."

ఆయన మందను చూశాడు, నన్ను చూశాడు. "జింకలకేమన్నా పెళ్ళా?"

రాత్రంతా డబ్బా కొడుతూ చేను కాసి, అప్పుడే చద్ది తినడానికి ఇంటికి పోయాడంట. ఆ సందులోనే అవి దిగాయి. మొలకల తలలు కత్తిరించినట్టు కొరికేశాయి. 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం ప్రకారం వాటి మీద చెయ్యి వేయకూడదు, పైగా రాష్ట్ర జంతువు. ఆయనకు అదంతా తెలుసు, నాకంటే బాగా తెలుసు. కెమెరా వెనక చిన్న తెరలో ఫోటో చూపించా. పోతును చూడలేదు. "మా ఆడమనిషి చీర బాగా పడింది. ఎన్నున్నాయో లెక్కపెట్టు" అన్నాడు. నలభై మూడు. నష్టపరిహారం అర్జీకి జత చేస్తానని కాపీ అడిగాడు. ఆల్బం కాగితం మీదే పెద్దగా వేయించి ఇచ్చాను. నేను తీసిన వాటిలో ఒకరికి పనికొచ్చిన ఫోటో అదొక్కటే. అర్జీ మీద ఇంతవరకు కబురు లేదు, అది వేరే సంగతి.

మీకు ఏ కోర్సులోనూ చెప్పని మాట ఒకటి. జంతువు ఎక్కడుందో గొర్రెల కాపరికి, రైతుకు తెలుస్తుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడని కలివికోడి అనే పిట్ట 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికిందంటే, చేత్తో పట్టుకుని చూపించింది అక్కడి పల్లె మనిషే. నాకూ ఇప్పుడు ఏటా ఆ రైతే ఫోన్ చేస్తాడు, "దిగినాయప్పా, రా" అని. గూళ్ళ మీదికెక్కి, ఫోన్లో పిట్ట కూతలు మోగించి ఫోటోలు తీసేవాళ్ళకు ఆ ఫోన్లు రావు.

మొన్న వాళ్ళమ్మాయి పెళ్ళికి ఆల్బం నేనే చేశాను. తాళి కట్టడం అయింది, భోజనాలు నడుస్తున్నాయి. ఆయన పక్కకు పిలిచి, డ్రోన్ వైపు చూపిస్తూ మెల్లగా అడిగాడు: "దాన్ని ఒకసారి మా చేను మీద తిప్పుతావా?"