తలుపు మోటారు సంగతి

బుజ్జీ,

నాన్నమ్మ గది తలుపుకి మోటారు పెట్టి, ఆర్డ్యునో అనే చిన్న కంట్రోల్ బోర్డుతో బటన్ నొక్కితే జరిగేలా చేస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! కానీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ మనసు మనసులో లేదు. మోటారు అనేసరికి నాకు వేళ్లే గుర్తొస్తాయి.

వైరింగ్ నీకు నేను చెప్పక్కర్లేదు. గ్రౌండ్ అన్నిటికీ ఒకటే ఉంచు, మోటారుని బోర్డు పిన్‌కి నేరుగా తగిలించకు, అంతే. నా భయమంతా డిలే గురించే, అదే, ఇన్ని మిల్లీసెకన్లు ఏమీ చెయ్యకుండా ఆగమని ప్రోగ్రామ్‌కి చెప్పే ఆదేశం. "ముందు డిలేతో నడిపించేసి తర్వాత మారుస్తా" అన్నావట. అలా అన్నవాళ్లు తర్వాత మార్చగా నేనెప్పుడూ చూడలేదమ్మా.

నేను పని నేర్చుకున్న చోట రైలు మీద జరిగే బల్ల ఒకటి ఉండేది. దాని ప్రోగ్రామ్ రాసినతను మోటారు ఆన్ చేసి, డిలే 3000 పెట్టి, ఆ తర్వాతే చివరి స్విచ్, అంటే బల్ల చివరికి చేరగానే నొక్కుకునే స్విచ్, చూసేవాడు. బల్ల అక్కడికి చేరడానికి ఎలాగూ మూడు సెకన్లు పడుతుంది కదా అని. రోజూ బాగానే నడిచింది. ఒకరోజు బేరింగులు మార్చారు. బల్ల తేలిగ్గా జరిగి ముందే చేరిపోయింది, స్విచ్ నొక్కుకుంది, మోటారు ఆగలేదు. ఆ చివరే హెల్పర్ కుర్రాడి చెయ్యి ఉంది. పక్కనున్నాయన ఎర్ర బటన్ నొక్కాడు, మళ్లీ నొక్కాడు. ఆ బటన్ కూడా ఇంకో పిన్‌కే వెళ్లేది. దాన్ని చూడాల్సిన ప్రోగ్రామ్ డిలేలో నిద్రపోతోంది. కుర్రాడి వేళ్లు రెండు నలిగిపోయాయి. ఆ అరుపు నాకింకా వినిపిస్తుంది.

అందుకే తల్లీ, ఆపే బటన్ మోటారు కరెంటునే తెంచాలి. ప్రోగ్రామ్‌తో దానికి పని ఉండకూడదు.

మిగతాదంతా మిల్లిస్‌తో రాయి, బోర్డు మొదలైనప్పట్నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో అది చెప్తుంది. మోటారు మొదలైన టైమ్ దాచుకుని, లూప్ (మళ్లీ మళ్లీ నడిచే ప్రోగ్రామ్ భాగం) తిరిగిన ప్రతిసారీ ఇప్పటి టైమ్‌లోంచి దాన్ని తీసేసి గడువు దాటిందేమో చూడు. తీసివేతే చెయ్యి. పాత టైమ్‌కి గడువు కలిపి పోల్చావంటే, 49 రోజులు దాటాక కౌంటర్ సున్నాకి తిరిగినప్పుడు లెక్క తప్పుతుంది. టైమ్‌లన్నీ అన్‌సైన్డ్ లాంగ్‌లోనే (మైనస్ లేని పెద్ద సంఖ్యలు పట్టే రకం) ఉంచు. దిశ మార్చేముందు మోటారుకి ఇచ్చే అరసెకను విరామం కూడా ఇలాగే రాయాలి.

డిలే అని రాయకపోయినా కొన్నిచోట్ల ప్రోగ్రామ్ ఆగిపోతుంది. శబ్దం పంపి దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ కూడా పెడతావట కదా. ఎకో రాకపోతే, దానికోసం ఎదురుచూసే పల్స్‌ఇన్ ఆదేశం ఒక సెకను దాకా అక్కడే కూర్చుంటుంది. టైమవుట్ 20000 మైక్రోసెకన్లు ఇవ్వు, మూడు మీటర్ల దూరానికి అది చాలు.

స్విచ్ నొక్కినప్పుడు కాంటాక్ట్ కొన్ని మిల్లీసెకన్లు అదురుతుంది. తెరిచే బటన్‌కైతే 20 మిల్లీసెకన్లు చూసి నమ్ము. తలుపు చివరి స్విచ్‌కి అలా వద్దు, మొదటిసారి కనబడగానే ఆపెయ్. నిజంగా నొక్కుకుందో లేదో తర్వాత తేల్చుకోవచ్చు. అది నొక్కనప్పుడు కాంటాక్ట్ మూసుకుని ఉండే రకం స్విచ్ అయితే మంచిది. వైరు తెగినా నొక్కినట్టే తెలిసేలా కలపొచ్చు.

నాన్నమ్మకి తలుపు అంచు పట్టుకుని నిలబడే అలవాటు. నీకు తెలుసు, అయినా చెప్తున్నా. బెల్టు తగిలించకముందు మోటారు ఒక్కదాన్నే తిప్పుతూ, చివరి స్విచ్ ఎప్పుడుపడితే అప్పుడు నొక్కి చూడు. నొక్కగానే ఆగాలి. ఒక్కసారి ఆలస్యమైనా కోడ్ నాకు పంపించు, అర్ధరాత్రైనా సరే ఫోన్ చెయ్యి. ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న