పిలుపుకు సాక్షులెవరు? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా వయసు ముప్పై ఒకటి. ఒక ప్రైవేటు ఫైనాన్సు సంస్థలో వసూళ్ల విభాగంలో పని చేస్తున్నాను. భార్య, ఇద్దరు చిన్న పిల్లలు, వృద్ధురాలైన తల్లి నా మీద ఆధారపడి ఉన్నారు. ఈ సంవత్సరం ఆరంభంలో జరిగిన ఉజ్జీవ కూటాలలో, పూర్తికాల సేవకు సమర్పించుకొనేవారు లేచి నిలబడమని ప్రసంగీకుడు పిలిచినప్పుడు కన్నీళ్లతో నిలబడ్డాను. అప్పటి నుండి ఉద్యోగం మీద మనసు నిలవడం లేదు. మా సంఘ కాపరి ఒక సంవత్సరం ఆగమంటున్నారు. స్నేహితులు మాత్రం నాగటి మీద చెయ్యి పెట్టి వెనుకకు చూడకూడదని, ఆలస్యం చేయడమే అవిధేయత అని అంటున్నారు. నా భార్య అవునని గాని కాదని గాని అనడం లేదు. మా బావగారికి ఇవ్వవలసిన అప్పు ఇంకా కొంత మిగిలి ఉన్నది. రాజీనామా చేయమంటారా? – ఒక సోదరుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ప్రియ సోదరా, రాజీనామా ఇప్పుడు చేయవద్దు. మీ కాపరి చెప్పిన సంవత్సరాన్ని ఇష్టపూర్వకంగా అంగీకరించండి. ఈ మాటతో మీ సమర్పణను చులకన చేస్తున్నానని అనుకోవద్దు. ఆ రాత్రి మీ హృదయంలో కలిగిన కదలిక దేవునిదే అయి ఉండవచ్చును. అయితే అది దేవునిదా కాదా అని తేల్చుకొనే బాధ్యతను లేఖనం ఎప్పుడూ ఒంటరి మనిషి భుజాల మీద పెట్టలేదు.

షిలోహులో బాలుడైన సమూయేలు తనను పిలిచిన స్వరాన్ని మూడుసార్లు ఏలీ స్వరమనుకొని అతని దగ్గరకు పరుగెత్తాడు. పిలిచినవాడు దేవుడే, వినినది సమూయేలే. అయినా ఆ స్వరం ఎవరిదో చెప్పడానికి కన్నులు మసకబారిన ఆ వృద్ధ యాజకుడు కావలసి వచ్చాడు. దమస్కు మార్గంలో సాక్షాత్తు ప్రభువే ఎదురుపడిన సౌలు (తరువాత పౌలు అని పిలువబడినవాడు) విషయంలో కూడా, అన్యజనుల మధ్యకు పంపబడడానికి ముందు సంవత్సరాలు గడిచాయి. చివరకు అంతియొకయలో ప్రవక్తలు, బోధకులు ఉపవాసముండి ప్రభువును సేవిస్తూ ఉండగా, బర్నబాను సౌలును తనకొరకు ప్రత్యేకపరచుమని పరిశుద్ధాత్మ వారందరితో చెప్పాడు. తిమోతి అనే శిష్యుణ్ణి పౌలు వెంట తీసుకొని వెళ్లడానికి ముందు, లుస్త్రలోను ఈకొనియలోను ఉన్న సహోదరులు అతని గురించి మంచి సాక్ష్యం ఇచ్చారని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం ప్రత్యేకంగా చెబుతున్నది. మీ కాపరి ఒక సంవత్సరం అడుగుతున్నారంటే, అలాంటి సాక్ష్యం ఏర్పడడానికి వ్యవధి అడుగుతున్నారని అర్థం చేసుకోండి.

మీ స్నేహితులు చెప్పిన నాగటి వాక్యం లూకా 9వ అధ్యాయంలో ఉన్నది. అదే సువార్త 14వ అధ్యాయంలో, గోపురం కట్టగోరినవాడు మొదట కూర్చుండి తగులుబడి, అంటే అయ్యే ఖర్చు, లెక్క చూచుకొంటాడని అదే ప్రభువు చెప్పాడు. ఈ రెండు మాటలను ఒకే నోరు పలికింది కనుక ఒకదానిని పట్టుకొని రెండవదాన్ని విడిచిపెట్టే హక్కు మనకు లేదు. తప్పించుకోవడానికి సాకు వెదకడం వేరు, ఇతరులకు చెల్లవలసినదాన్ని చెల్లించి బయలుదేరడం వేరు. మీ బావగారి అప్పు రెండవ కోవకు చెందినది. దాన్ని మిగిల్చి మీరు బైబిలు పట్టుకొని బయలుదేరితే, మీ ప్రసంగం ఎంత బాగున్నా, మీ అక్కగారి ఇంట్లో మాత్రం అది చెవికెక్కదు.

ఇప్పుడు 1 తిమోతి 3వ అధ్యాయాన్ని నెమ్మదిగా, మీ ఉద్యోగాన్ని ఎదురుగా పెట్టుకొని చదవమని కోరుతున్నాను. అధ్యక్షపదవిని, అంటే సంఘాన్ని నడిపించే బాధ్యతను, ఆశించడం మంచిదేనని, అది దొడ్డపని అని చెప్పిన వెంటనే పౌలు ఒక వరుస చెబుతాడు: నిందారహితుడు, మితానుభవుడు, స్వస్థబుద్ధిగలవాడు, అతిథిప్రియుడు, సాత్వికుడు, జగడమాడనివాడు, ధనాపేక్షలేనివాడు. ఇంత వరుసలో సామర్థ్యమని చెప్పదగినది ‘బోధింపతగినవాడు’ అన్న ఒక్కటే. తక్కినదంతా నడవడికి సంబంధించినదే. స్వరం, పాట, జనాన్ని కదిలించే శక్తి వీటిలో ఒక్కటీ ఆ వరుసలో లేదు. ఆ వరుస చివర, సంఘమునకు వెలుపటివారిచేత కూడా మంచి సాక్ష్యం పొందినవాడై ఉండాలని ఆయన అంటాడు. మీ విషయంలో ఆ వెలుపటివారు ఎవరు? వాయిదా కట్టలేక తలుపు వెనుక నిలబడిన ఆడమనిషి, మీ కేకలు విన్న ఆమె ఇరుగుపొరుగు, మీ పక్క బల్ల దగ్గర కూర్చొని మీరు వ్రాసే లెక్కలు చూసే ఉద్యోగి. వసూళ్ల పని మనిషి నోటిని, చేతిని, సహనాన్ని ప్రతిరోజూ పరీక్షించే పని. అక్కడ సాత్వికుడుగా, సత్యవంతుడుగా ఉండడం సాధ్యం కాకపోతే, సంఘంలో మీ మీద కోపగించిన విశ్వాసి ఎదుట అది ఎలా సాధ్యమవుతుంది? మీ మనసు ఉద్యోగం మీద నిలవడం లేదని వ్రాశారు. నా అభిప్రాయంలో, ఈ సంవత్సరం ఆ ఉద్యోగాన్ని ఎన్నడూ లేనంత శ్రద్ధగా చేయడమే మీ సేవకు మొదటి పాఠం.

మీ భార్య మౌనాన్ని సమ్మతిగా లెక్కించవద్దు. తన ఇంటివారిని ఏలనేరని వాడు దేవుని సంఘాన్ని ఎలా పాలిస్తాడని అదే అధ్యాయం అడుగుతున్నది. ఇంటిని ఏలడమంటే నిర్ణయం తీసుకొని దాన్ని ఇంటివారికి తెలియజేయడం కాదని నేను నమ్ముతున్నాను. ఒక రోజు పిల్లలు నిద్రపోయిన తరువాత ఇంటి ఖర్చుల కాగితం ముందు పెట్టుకొని కూర్చోండి. అద్దె, బడి ఫీజులు, తల్లిగారి మందులు, అప్పు – అన్నీ ఆమెతో కలిసి చూడండి. ఆమె దేనికి భయపడుతున్నదో అడిగి, జవాబు పూర్తయ్యేవరకు వినండి. మీ ఎదుట చెప్పలేని మాట ఉంటే కాపరిగారి భార్యతో మాట్లాడుకొనే అవకాశం ఆమెకు కలిగించండి. ఈ పిలుపు నిజమైతే అందులోని శ్రమలో సగం ఆమెదే అవుతుంది.

మన తెలుగు నేల మీద గడిచిన ఒక జీవితం ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగినది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. వై.ఎం.సి.ఎ. (క్రైస్తవ యువజన సంస్థ) కార్యదర్శిగా ఊరూరా తిరిగి యువకులను సేవకు ప్రోత్సహించినవాడు. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడడానికి ముఖ్య కారకుడు. ఆ సొసైటీ నిజాం రాజ్యంలోని దోర్నకల్లును తన సేవాస్థలంగా ఎన్నుకున్నది. అజరయ్య స్వయంగా గురువుగా అభిషేకం పొంది దోర్నకల్లుకు వచ్చినది 1909లో. సొసైటీ పుట్టిన నాటికి, స్థాపకుడు తానే పొలంలో దిగిన నాటికి మధ్య ఆరేళ్లు ఉన్నాయి. ఆ ఆరేళ్లు వృథా అయ్యాయని ఎవరూ అనలేరు. ఆయన తెలుగు నేర్చుకొని, మాల మాదిగ పల్లెల మధ్య తిరిగి, 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. 1945 జనవరి 1న మరణించేవరకు దోర్నకల్లు అధ్యక్ష మండలానికే (బిషప్పు పరిధిలోని సంఘాలకే) తన జీవితాన్ని ఇచ్చాడు. ఆయన ఆలోచనలో సువార్త పని కొద్దిమంది జీతగాళ్లది కాదు. బాప్తిస్మం పొందిన ప్రతివారిచేత తమ తల మీద చెయ్యి పెట్టించి, ‘నేను సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ’ అన్న పౌలు మాటను పలికించేవాడు. అలా పలికినవారిలో అత్యధికులు ఉద్యోగం మానవలసిన అవసరం లేని కూలీలు, చేతిపనివారు. వారు తమ పనిలో, తమ వాడలో ఉంటూనే సాక్షులయ్యారు. తాగుడు మాని, అబద్ధం మాని, శుభ్రంగా బ్రతుకుతున్న ఆ పేదలను చూచే ఇతర కులాలవారు సువార్త వైపు తిరుగుతున్నారని ఆయన గట్టిగా నమ్మాడు.

ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య కూడా అటువంటివాడే. తోళ్ల వ్యాపారి అయిన ఆయన తనను ఎరిగిన మాదిగ పల్లెల్లోనే ప్రభువును గూర్చి చెప్పాడు. ఒంగోలు బాప్తిస్టు మిషను విస్తరణకు ఆయన సాక్ష్యం పునాది అయింది. పౌలు సైతం కొరింథులో డేరాలు కుట్టాడు. కాబట్టి ఈ సంవత్సరం చివర మీ పిలుపు ఉద్యోగంలోనే ఉండి సేవ చేయడానికని తేలవచ్చును. అలా తేలితే మీ సమర్పణ తిరస్కరించబడినట్టు కాదు.

ఈలోగా చేయవలసినవి ఉన్నాయి. ఎవరూ గమనించని పని ఇవ్వమని కాపరిని అడగండి: ఆదివారపు బడిలో చిన్న పిల్లల తరగతి, ఆసుపత్రిలో ఉన్నవారి పరామర్శ, ఆరాధనకు ముందు చాపలు పరచడం. మీ సంఘం సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, బాప్తిస్టు వంటి వ్యవస్థలలో ఉన్నదైతే, స్థానిక సంఘం సిఫారసు మొదలుకొని పై కమిటీల పరిశీలన వరకు అభ్యర్థి దాటవలసిన మెట్లు ఉన్నాయి. ఆ తరువాత హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల వంటి చోట చదువు ఉన్నది. స్వతంత్ర సంఘమైతే ఆ మెట్లు ఉండవు. అప్పుడు మిమ్మల్ని ఎరిగిన ముగ్గురు పెద్దలను మీరే అడిగి, మూడు నెలలకొకసారి మీ నడవడి, మీ డబ్బు వ్యవహారం, మీ కుటుంబ పరిస్థితి గురించి నిర్మొహమాటంగా ప్రశ్నించమని వేడుకోండి.

ప్రశ్న: మా సంఘ సేవకుడు బలంగా ప్రసంగిస్తారు, ఆయన ప్రార్థనవల్ల స్వస్థత పొందామని సాక్ష్యం చెప్పేవారు ఉన్నారు. కాని కానుకల లెక్క ఎవరికీ చెప్పరు, అడిగినవారిని పీఠం మీద నుండే నిందిస్తారు. ‘నేనభిషేకించినవారిని ముట్టకూడదు’ అని వాక్యం చూపిస్తారు. అడగడం పాపమా? – ఒక విశ్వాసి, పల్నాడు జిల్లా

జవాబు: పాపం కాదు. ఆ వాక్యం 105వ కీర్తనలోనిది. ఇల్లు వాకిలి లేక జనము నుండి జనమునకు తిరుగాడిన అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు అనే పితరులను హింసించకూడదని దేవుడు రాజులను గద్దించిన సందర్భం అది. అధికారం లేనివారిని అధికారం గలవారి నుండి కాపాడిన మాటను, లెక్క అడిగిన పేద విశ్వాసి మీద ప్రయోగించడం లేఖనాన్ని తలక్రిందులు చేయడమే. ఏలీ కుమారులు కూడా అభిషేకించబడిన యాజకులే. జనులు తెచ్చిన బలిమాంసాన్ని బలవంతంగా తీసుకున్నందుకు దేవుడు వారిని విడిచిపెట్టలేదు, వారిని అడ్డగించని తండ్రిని కూడా విడిచిపెట్టలేదు.

యెరూషలేము పేదల కోసం చందా మోసుకొని వెళ్లేటప్పుడు పౌలు ఒంటరిగా వెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంట పెట్టుకొని, ప్రభువు దృష్టియందు మాత్రమే గాక మనుష్యుల దృష్టియందును యోగ్యమైనది చేయాలనుకుంటున్నానని 2 కొరింథీయులకు 8వ అధ్యాయంలో కారణం వ్రాశాడు. అపొస్తలుడు తనకు అవసరమనుకున్న జాగ్రత్త మీ సేవకునికి అవమానం ఎలా అవుతుంది? ఇక స్వస్థతల విషయం: ‘నీ నామమున అద్భుతములు చేయలేదా’ అని చెప్పుకొనేవారితో, నేను మిమ్మును ఎన్నడును ఎరుగనని ప్రభువు అంటాడని మత్తయి 7వ అధ్యాయం హెచ్చరిస్తున్నది. వరం నడవడికి పూచీ ఇవ్వదు.

అయితే అడిగే తీరులో మీ నడవడి కూడా పరీక్షకు వస్తుంది. వాట్సాప్‌లో ప్రచారం చేయవద్దు. పెద్ద మీద నేరారోపణను ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా అంగీకరించవద్దని 1 తిమోతి 5వ అధ్యాయం చెబుతున్నది కనుక, విన్నదాన్ని విడిచి చూచినదాన్నే మాట్లాడండి. మొదట పెద్దలు ఇద్దరితో కలిసి ఆయనను ఆయన ఇంట్లో కలుసుకోండి. ఇద్దరు కోశాధికారులు, బ్యాంకు ఖాతా, సంవత్సరానికొకసారి సంఘం ముందు చదివే జమాఖర్చు – ఈ మూడింటిని కోరండి. నిందలేని సేవకునికి ఇవి రక్షణ కూడా. ఆయన వినడానికే నిరాకరిస్తే, మీ సంఘానికి పైన ఉన్న పెద్దల దగ్గరకు వ్రాతపూర్వకంగా వెళ్లడం తిరుగుబాటు కాదు.

ప్రశ్న: నేను పదవీవిరమణ చేసిన నర్సును. సేవకు పిలుపు పురుషులకే అని మా సంఘంలో కొందరు అంటారు. ఈ వయసులో నాలో కలుగుతున్న భారం పిలుపు కాదా? – ఒక సోదరి, నెల్లూరు

జవాబు: అమ్మా, కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను పౌలు రోమా సంఘానికి పేరు పెట్టి అప్పగించాడు. మన పల్లెల్లో పరదా చాటున ఉన్న ఇళ్లలోకి సువార్త తీసుకొని వెళ్లినవారు బైబిలు స్త్రీలు, అంటే ఇంటింటికీ వెళ్లి స్త్రీలకు వాక్యం చెప్పిన సేవకురాళ్లు. 2013లో ఎగ్గోని పుష్పలలితగారు నంద్యాలలో సి.ఎస్.ఐ. మొదటి మహిళా బిషప్పు అయ్యారు. అభిషేకం విషయంలో సంఘాల మధ్య భేదం ఉన్నది; మీ సంఘ నియమం ఏదైనా, రోగుల పక్కన కూర్చోవడానికి ఎవరి అభిషేకమూ అవసరం లేదు. మీ చేతులకు మందులు, గాయాలు, మరణశయ్యలు తెలుసు. అది ఏ బైబిలు కళాశాలలోనూ దొరకని శిక్షణ. మీ కాపరికి చెప్పి, మంచాన పడినవారి పేర్లు తీసుకొని, వారానికి రెండు ఇళ్లతో మొదలుపెట్టండి. వెంట మరొక సహోదరిని తీసుకొని వెళ్లండి. రోగి ఇంట్లో విన్న సంగతిని సంఘంలో ప్రార్థన మనవిగా కూడా బయట పెట్టకండి.