డిజైన్ వైపు వెళ్లాలనుకునే అమ్మాయికి ఏ అలవాటు ముందు కావాలి?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ప్రోగ్రామింగ్ కంటే యాప్‌ల డిజైన్ మీదే ఆమెకు ఆసక్తి ఎక్కువ. అయితే ఒక స్క్రీన్ మొదలుపెడితే వారాల తరబడి చెరిపి మళ్లీ గీస్తుంది, ఎవరికీ చూపించదు, చివరికి పక్కన పెట్టేస్తుంది. క్రమశిక్షణ మాట ఎత్తితే ‘ఆలోచన వచ్చినప్పుడే పని సాగుతుంది’ అంటుంది. ఈ స్వభావంతో ఆ రంగంలో నిలబడగలదా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ అమ్మాయిలో బద్ధకం కనిపించడం లేదు. తాను గీసినదానిలో లోపం తనకే కనబడుతోంది కాబట్టే చెరిపేస్తోంది. ఆ చూపు డిజైనర్‌కు చాలా అవసరం, దాన్ని నేర్పడం కూడా కష్టం. ఆమెకు లేనిది, సగంలో ఉన్న పనిని ఇతరుల ముందు పెట్టే అలవాటు. ముందు దాని మీద దృష్టి పెట్టమని నా సలహా.

కంపెనీల్లో డిజైన్ పని ఒంటరిగా, రహస్యంగా జరగదు. ఫిగ్మా వంటి సాధనాల్లో ఒకే ఫైల్‌ను డిజైనర్లు, డెవలపర్లు, ప్రోడక్ట్ మేనేజర్లు ఒకేసారి తెరిచి చూస్తూ, అక్కడికక్కడే అభిప్రాయాలు రాస్తుంటారు. చిత్తుప్రతి దశలోనే రివ్యూ జరుగుతుంది, ఎందుకంటే కోడ్ రాశాక దిద్దడం కంటే గీత దశలో దిద్దడం ఎంతో తేలిక. ఇంటర్వ్యూలో కూడా స్క్రీన్ అందంగా ఉందా అన్నదానితో ఆగకుండా, ఈ దారి ఎందుకు ఎంచుకున్నావు, ఏయే దారులు వదులుకున్నావు, అవి పనికిరావని ఎలా తెలిసింది అని అడుగుతారు. మీ అమ్మాయి చెరిపేసిన ప్రతిసారీ ఈ ప్రశ్నలకు జవాబులు కూడా చెరిగిపోతున్నాయి. కాబట్టి ఇకపై పాతదాన్ని అలాగే ఉంచి, పక్కన కొత్తది గీయమనండి. తేదీ వేసి, ఎందుకు మార్చిందో ఒక్క వాక్యం రాసి పెట్టుకుంటే, కొన్ని నెలల్లో అదే ఆమె పోర్ట్‌ఫోలియోకు, అంటే తన పనులను ఇతరులకు చూపే సంకలనానికి, ముడిసరుకు అవుతుంది.

ఆలోచన వచ్చినప్పుడే పని సాగుతుందన్న మాటకు సుసాన్ కేర్ అనుభవాన్ని గుర్తుచేస్తాను. 1984లో విడుదలైన ఆపిల్ కంపెనీ మెకింటాష్ కంప్యూటర్‌కు ఐకాన్లు గీసింది ఆమే. కళాచరిత్రలో డాక్టరేట్ చేసిన ఆమె అంతకుముందు ఐకాన్లు గీయలేదు. చిన్న గళ్ల నోట్‌బుక్ కొనుక్కుని, అడ్డంగా 32, నిలువుగా 32, మొత్తం 1,024 గళ్లలో ఏవి నల్లగా నింపాలో, ఏవి తెల్లగా వదలాలో పెన్నుతో తేల్చుకుంటూ పని మొదలుపెట్టారు. మెనూల్లో కంపెనీ లోగో మరీ ఎక్కువైపోయిందని స్టీవ్ జాబ్స్ అభ్యంతరం చెప్పినప్పుడు, దాని స్థానంలో మరో గుర్తు కోసం ఆమె చిహ్నాల నిఘంటువు తిరగేశారు. స్వీడన్‌లో చూడదగిన ప్రదేశాలను సూచించే నాలుగు ఉచ్చుల గుర్తు అందులో దొరికింది, నేటికీ ఆ కంప్యూటర్ల కీబోర్డుపై అదే ఉంది. ఆలోచన ఆమెకు ఎదురుచూస్తూ కూర్చుంటే రాలేదు, నోట్‌బుక్, నిఘంటువు ముందేసుకుని వెతుకుతుంటే వచ్చింది.

చూపించడం అంటే ‘బాగుందా?’ అని అడగడం కాదు. యాప్‌లో చేయాల్సిన ఒక పనిని ఎదుటివాళ్లకు అప్పగించి, వాళ్లు ఎలా చేస్తున్నారో తాను నోరు మెదపకుండా గమనించాలి. వినియోగ సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో చేసిన సూచన ప్రకారం, ఒక్కో విడతలో ఐదుగురితో పరీక్షిస్తే పెద్ద లోపాల్లో అధికభాగం బయటపడతాయి. వాటిని దిద్ది, మరో ఐదుగురితో మళ్లీ పరీక్షించాలి. ఐదుగురు ఏ విద్యార్థికైనా దొరుకుతారు.

ఆమె చదువు విషయంలో మీరు బెంగపడనవసరం లేదు, ప్రోగ్రామింగ్ తెలిసి ఉండటం ఈ రంగంలో పెద్ద బలం. కొత్తవాళ్లు అన్నీ సవ్యంగా ఉన్నప్పటి స్క్రీన్‌నే గీస్తారు. సమాచారం ఇంకా రాకపోతే ఏం కనిపించాలి, నెట్‌వర్క్ తెగిపోతే ఏం చెప్పాలి, పేరు చాలా పొడుగైతే ఎక్కడ విరగాలి అన్న ప్రశ్నలు కోడ్ రాసినవాళ్లకే త్వరగా తడతాయి. అలాగే మామూలు సైజు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలన్న వెబ్ ప్రమాణం, వేలితో తాకే బటన్ కనీసం 44 పాయింట్లు (తెరపై సైజుకు వాడే కొలత) ఉండాలన్న ఆపిల్ సూచన వంటివి ఇప్పటినుంచే పాటించడం నేర్చుకుంటే, ఆమె డిజైన్లకు గట్టి పునాది పడుతుంది. ప్రోగ్రామింగ్‌ను మాత్రం వదలనివ్వకండి.

రాత్రి పని చేస్తుందా, పగలు చేస్తుందా అన్నదాని గురించి ఆమెతో వాదించకండి, అందులో నేను ఆమె పక్షమే. ఏ వేళ అయినా రోజూ అదే వేళకు గంటన్నర పని చేయాలి, ఆ గంటన్నర ఫోన్ పక్క గదిలో ఉండాలి, వారానికి ఒక రోజు ఉన్నది ఉన్నట్టుగా ఎవరో ఒకరికి చూపించి తీరాలి. ఏడాదిలో రెండు మూడు ప్రాజెక్టులు ఇలా మొదటినుంచి చివరిదాకా సాగితే ఇంటర్న్‌షిప్‌కు ధైర్యంగా దరఖాస్తు చేయవచ్చు.

మీరు కూడా ‘పూర్తయిందా?’ అని అడగడం మానేసి, ఈ వారమే ఆ ఐదుగురిలో మొదటివారిగా ఆమె ఎదుట కూర్చోండి. ఆమె ఇచ్చిన పనిని ఫోన్‌లో మీకు తోచినట్టు చేయండి. మెచ్చుకోవద్దు, తప్పూ పట్టవద్దు. మీ వేలు ఎక్కడ తటపటాయించిందో ఆమెను రాసుకోనివ్వండి.